ఒక్క గింజే కదా అని తీసిపారేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చదరంగం గడుల్లో గింజల కథ వేశారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గడులకు మొత్తం 1,84,46,74,40,73,70,95,51,616 గింజలు అవుతాయని రాశారు. చివర 616 కాదు, 615. ఎవరో పాఠకుడు ఆ మాట రాస్తే మరుసటి వారం ‘తేడా ఒక్క గింజే కాబట్టి కథకు వచ్చిన నష్టమేమీ లేదు’ అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. కథకు నష్టం లేదు, ఒప్పుకుంటాను. రాజుగారి గాదెలకూ లేదు. కానీ మీరు అచ్చేసింది ఇంకో సంఖ్య, దాని స్వభావమే వేరు. కాస్త ఓపిక పట్టండి, ఉత్తరం పెద్దదే. చోటు చాలకపోతే ఎక్కడైనా కోసుకోండి, అంకెల్ని మాత్రం కొయ్యకండి.

ముందు ఈ తప్పును ఎలా పట్టుకోవచ్చో చెప్తాను, కాగితం కూడా అక్కర్లేదు. రెండో గడి నుంచి చివరి గడి దాకా ఉన్నవన్నీ సరి సంఖ్యలు: 2, 4, 8, 16... మొదటి గడిలోని ఒకటి మాత్రమే బేసి. అన్ని సరి సంఖ్యలకు ఒక్క బేసి సంఖ్య కలిస్తే మొత్తం బేసి అయి తీరాలి. చివరి అంకె 6 అని కనబడగానే అనుమానం రావాలి. మరి 616 ఎక్కడిది అంటే, బోర్డుకు 65వ గడి ఉండి ఉంటే అందులో పెట్టాల్సిన గింజలు అవి. ఏ గడి తీసుకున్నా దానికి ముందున్న గడులన్నిటి మొత్తం దానికంటే ఒకటి తక్కువగానే ఉంటుంది (1, 2, 4 కలిపితే 7, తర్వాతి గడిలో 8). సుమారు వెయ్యేళ్ల కిందటే అల్ బిరూనీ అనే పండితుడు ఈ లెక్క చేసి, పదహారును పదహారు సార్లు వేసి గుణించగా వచ్చేదానికి ఒకటి తక్కువ అని సరిగ్గా రాశాడు. కాలిక్యులేటర్ లేని మనిషి ఆ చివరి ఒకటిని వదల్లేదు.

కాలిక్యులేటర్ అంటే గుర్తొచ్చింది, మీ తప్పుకు కారణం అదే అని నా అనుమానం. ఫోన్‌లో చాలా కాలిక్యులేటర్లు ఇంత పెద్ద సంఖ్యను పూర్తిగా చూపించవు, 1.8446744 అని వేసి పక్కన పదికి 19వ ఘాతం అన్న గుర్తు పెట్టి ఊరుకుంటాయి. ఎక్సెల్ ఇంకా ఘోరం, పదిహేను అంకెల తర్వాత ఏం టైప్ చేసినా సున్నాలుగా మార్చేస్తుంది. మన సంఖ్యలో ఇరవై అంకెలు, కాబట్టి చివరి ఐదూ ఎగిరిపోతాయి. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలు సంఖ్యగా ఇస్తే చివర 2000 అని వస్తుంది. ఇవేవీ చెడిపోయి అలా చెయ్యడం లేదు, వాటికిచ్చిన చోటు అంతే. కానీ ఇలాంటి సంఖ్యలో అసలు సంగతంతా చివరి అంకెల్లోనే ఉంది. ఉజ్జాయింపుగా చూస్తే మీ సంఖ్యా సరైన సంఖ్యా ఒకటే, అక్కడే మోసపోతాం.

ఇక లోపలికి వెళ్దాం. ఈ ఇరవై అంకెల సంఖ్యల్ని ఇకమీదట చివరి మూడంకెలతోనే పిలుస్తాను. 616తో ముగిసేది 2⁶⁴, అంటే అరవై నాలుగు రెండ్లు గుణించగా వచ్చింది. దాన్ని విడగొడితే రెండు తప్ప ఇంకేమీ దొరకదు. ఒకటి తీసేశాక వచ్చే 615 సంగతి చూడండి. బళ్లో నేర్చుకున్న ఏ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రం ఉంది కదా, 2⁶⁴ అనేది 2³²కి వర్గం, 1 అనేది 1కే వర్గం, కాబట్టి మన సంఖ్య (2³²−1)×(2³²+1) అవుతుంది. ఎడమ చేతివైపున్నది మళ్లీ అదే రూపంలో ఉంది కాబట్టి మళ్లీ విడగొట్టొచ్చు, ఆ తర్వాత మళ్లీ. అలా ఆరుసార్లు అదే సూత్రం వాడితే చివరికి 3×5×17×257×65537×4294967297 అని తేలుతుంది. ఇరవై అంకెల సంఖ్యను ఎనిమిదో తరగతి సూత్రంతో ఇంతవరకూ విప్పేశాం. ఇక్కడిదాకా వచ్చినవాళ్లకు ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయనిపిస్తుంది. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మాకూ అలాగే అనిపించింది. 2, 4, 16 ఇలా వర్గం చేసుకుంటూ పోయి ఒకటి కలిపితే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని 1640లో ఉత్తరంలో రాశాడు. 3, 5, 17, 257, 65537 వరకు ఆయన మాట నిజమే. ఆరోదైన 4294967297 దగ్గర బోల్తా పడింది, దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు చూపించాడు. భాగిస్తే వచ్చేది 6700417, అదీ ప్రధాన సంఖ్యే.

ఆయిలర్ దీన్ని గుడ్డిగా వెతికి పట్టలేదు. ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ముందే తేల్చుకున్నాడు. ఆ షరతుకు లోబడే ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే తగిలింది. ఫెర్మా అంతటివాడు ఈ నాలుగైదు భాగహారాలు ఎందుకు చేసి చూడలేదో నాకెప్పుడూ ఆశ్చర్యమే, ఎందుకంటే ఆ షరతు తేల్చడానికి కావలసిన సూత్రానికి పునాది వేసింది ఆయనే.

641 నిజంగా భాగిస్తుందా అని భాగహారం చెయ్యకుండానే చూసుకునే దారి ఒకటుంది, తర్వాతివాళ్లు కుదించి చెప్పింది, నాకు చాలా ఇష్టం. 5ను 128తో గుణించి 1 కలిపితే 641. 5 నాలుగో ఘాతం 625, దానికి 16 కలిపినా 641. ఇప్పుడు 641తో భాగిస్తే వచ్చే శేషాల వరకే చూద్దాం. మొదటిదాని ప్రకారం 5×128 అన్నా −1 అన్నా ఒకటే. రెండువైపులా నాలుగో ఘాతం తీసుకుంటే 625×2²⁸ అన్నా 1 అన్నా ఒకటే. రెండోదాని ప్రకారం 625 బదులు −16 పెట్టుకోవచ్చు. అప్పుడు −16×2²⁸, అంటే −2³², 1తో సమానమైంది. అంటే 2³²+1ని 641 శేషం లేకుండా భాగిస్తుందన్నమాట. పది అంకెల సంఖ్య మీద ఒక్క భాగహారం కూడా చెయ్యలేదు చూడండి.

కాబట్టి మన 615 సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం, ఒక్కోటి ఒక్కసారే. ఏడింటిలో ఏవి కావాలంటే అవి ఏరుకుని గుణించుకోవచ్చు కాబట్టి దాని కారణాంకాలు 128. ఇక అటువైపు పక్కింటిని చూడండి, చివర 617 వచ్చే 2⁶⁴+1. ఇదీ ఫెర్మా వరసలోదే, ఏడోది. దీని కారణాంకాలు అచ్చులోకి రావడానికి ఆయిలర్ తర్వాత ఇంకో నూట నలభై ఏళ్లు దాటింది. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు, అప్పటికి ఆయన వయసు 82, దాన్ని 274177×67280421310721 అని విడగొట్టాడు. రెండూ ప్రధాన సంఖ్యలే. ఇవి పక్కింట్లోని ఏడింటితో ఎందుకు కలవలేదంటే కలవడానికి వీల్లేదు. 615కు 2 కలిపితే 617, కాబట్టి రెండింటినీ భాగించేది ఏదైనా ఉంటే అది 2ను కూడా భాగించాలి, రెండూ బేసి సంఖ్యలే కాబట్టి అది కుదరదు. ఫెర్మా సంఖ్య కొత్తది వచ్చిన ప్రతిసారీ పాతవాటిలో లేని ప్రధాన సంఖ్య ఏదో ఒకటి వచ్చి తీరుతుందన్నమాట. ప్రధాన సంఖ్యలు అనంతం అనడానికి ఇదొక నిరూపణ, 1730లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఉంది.

మీ ఒక్క గింజ ఖరీదు ఇంకో రకంగా చూపిస్తాను. ఒక సంఖ్యను వరస సంఖ్యల మొత్తంగా రాయాలి, 15ను 7+8 అనో 4+5+6 అనో రాసినట్టు. 615ను ఇలా 127 రకాలుగా రాయొచ్చు. మూడు వరస సంఖ్యలు కావాలంటే 6148914691236517205ను మధ్యలో పెట్టుకుని అటొకటి ఇటొకటి రాయండి, ఐదు కావాలంటే మధ్యలో 3689348814741910323 పెట్టండి. 617ను రాసే దారులు మూడే. మీరు అచ్చేసిన 616కు ఒక్కటంటే ఒక్క దారి కూడా లేదు. ఎంత తలకిందులుగా తపస్సు చేసినా 2 యొక్క ఘాతాలను వరస సంఖ్యల మొత్తంగా రాయలేం, ఎందుకంటే అలా రాయాలంటే ఒకటి కాని బేసి కారణాంకం ఒకటి ఉండాలి, వాటికి అది లేదు.

వర్గాల సంగతీ అంతే. 616 తనే ఒక వర్గం. 617ను రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, 4294967296 వర్గానికి 1 కలిపితే సరి. ఇంకో రకంగా కూడా వస్తుంది, 4046803256 వర్గానికి 1438793759 వర్గం కలిపి చూడండి. (కూడిక చేతితో చేసి చూసుకున్నాను, సరిపోయింది, మీ ఫోన్‌ను నమ్మొద్దని ముందే చెప్పాను.) ఒక సంఖ్య ఇలా రెండు రకాలుగా రెండు వర్గాల మొత్తం అయిందంటే అది ప్రధాన సంఖ్య కాదని అక్కడే తేలిపోతుంది. 615కు మాత్రం రెండు వర్గాలు చాలవు, మూడూ చాలవు. 8తో భాగిస్తే 7 మిగిలే ఏ సంఖ్యకైనా అదే గతి, నాలుగు వర్గాలు కావాల్సిందే. నాలుగైతే ఏ సంఖ్యకైనా చాలునని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. పక్కపక్కనే ఉన్న మూడు సంఖ్యల్లో మొదటిదానికి నాలుగు వర్గాలు, రెండోదానికి ఒకటి, మూడోదానికి రెండు.

కూడిక కాకుండా తీసివేత అయితే, అంటే రెండు వర్గాల తేడాగా 615ను రాయాలంటే, దారులు సరిగ్గా 64. చదరంగం గడులు 64 కదా అని ఇందులో ఏదో మహిమ ఉందనుకునేరు, ఏమీ లేదు. 128 కారణాంకాలను జతలు కడితే 64 వచ్చాయి, అంతే. కానీ ఒక సరదా సంగతి ఉంది. ఫెర్మా చెప్పింది నిజమై 4294967297 ప్రధాన సంఖ్యే అయ్యుంటే మన సంఖ్యకు ఆరు ప్రధాన కారణాంకాలే ఉండేవి, దారులు 32 దగ్గర ఆగిపోయేవి. ఆయన తప్పు పుణ్యమా అని లెక్క గడులతో సరిపోయింది.

మీ వ్యాసంలో ‘చివరి మొత్తమే అద్భుతం’ అన్నారు, నాకైతే మధ్యలో ఆగి చూసుకోవడంలోనే ఎక్కువ మజా ఉందనిపిస్తుంది. ఒక్కో గడి దగ్గర ఆగి అప్పటిదాకా అయిన మొత్తం చూస్తే అది ప్రధాన సంఖ్య అయ్యేది తొమ్మిది చోట్లే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గడుల దగ్గర. 31వ గడి దగ్గర వచ్చే 2147483647 ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలరే తేల్చాడు. 61వ గడి దగ్గరది 2305843009213693951, దాన్ని 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ మతాధికారి నిరూపించాడు. అదే ఏడు ఫ్రాన్స్‌లో లూకాస్ పళ్లేలను ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చే ‘హనోయ్ టవర్’ అనే ఆటవస్తువు బయటికి తెచ్చాడు. మీరు వ్యాసం చివర ‘కాశీ గుడిలో పూజారులు 64 బంగారు పళ్లేలు మారుస్తున్నారు, అది పూర్తయితే ప్రళయం’ అని ప్రాచీన గాథలా రాసింది ఆ ఆటవస్తువు చుట్టూ అల్లిన కథే. 64 పళ్లేలు మార్చడానికి కావలసిన ఎత్తులు మాత్రం నిజంగానే 615తో ముగిసే సంఖ్యే, సెకనుకు ఒకటి చొప్పున 58 వేల కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. కాబట్టి ప్రళయం గురించి టెన్షన్ అక్కర్లేదు.

సగం బోర్డు, అంటే 32 గడుల దగ్గర ఆగితే మొత్తం 4294967295. పూర్తి బోర్డు మొత్తం కావాలంటే దీన్ని దీనికంటే రెండెక్కువ ఉన్న దానితో గుణిస్తే చాలు. అయితే ఈ సంఖ్యకు సొంతంగా ఇంకో పేరు ఉంది. గీతలు లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగల క్రమ బహుభుజుల్లో, బేసి భుజాలున్నవాటిలో, ఇప్పటివరకు తెలిసిన అతి పెద్దదానికి భుజాలు ఇన్నే. 17 భుజాలది గీయొచ్చని 1796లో గౌస్ కనిపెట్టాడు, అప్పటికి ఆయనకు ఇంకా పందొమ్మిది నిండలేదు. భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయితే గీయొచ్చు, బేసి భుజాలకు అది తప్ప ఇంకో దారి లేదని 1837లో వాంట్జెల్ పూర్తి చేశాడు. 65537 భుజాలదాన్ని గీసే విధానం రాయడానికి హెర్మెస్ అనే ఆయన పదేళ్లు కూర్చున్నాడు, ఆ రాతప్రతి గొట్టింగెన్‌లో ఉంది. ఎందుకు కూర్చున్నాడని మాత్రం నన్నడక్కండి. 65537 తర్వాత ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. వరసలో దాని తర్వాత వచ్చిన ఇరవై ఎనిమిదీ ప్రధాన సంఖ్యలు కావని తేలింది, ఆ పైదాని సంగతి ఎవరూ తేల్చలేదు.

కంప్యూటర్ల దగ్గరికి వస్తే మీ తప్పు ఇంకా బాగా కనబడుతుంది. 615ను బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే అరవై నాలుగు ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా ఉండదు. 64 బిట్లలో, అంటే ఒక్కోదాంట్లో ఒక 0 గానీ 1 గానీ పట్టే 64 చోట్లలో, మైనస్ గుర్తు లేని పూర్ణాంకంగా దాచగల అతి పెద్ద సంఖ్య అదే. దానికి ఇంకొక్కటి కలిపి 616 చేద్దామంటే పట్టదు, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో సున్నా అయి కూర్చుంటుంది. ఒక్క గింజ తేడాకి మొత్తం గాదె ఖాళీ. ఇదేదో పుస్తకాల్లో మాట కాదు, 2014లో గంగ్నమ్ స్టైల్ పాట చూసినవాళ్ల లెక్క 2147483647 దాటేసరికి, మనం 31వ గడి దగ్గర చూసిన సంఖ్యే, యూట్యూబ్ వాళ్లు కౌంటర్‌ను 64 బిట్లకు మార్చుకున్నామని చెప్పారు.

చివరగా ఒక కోరిక. సవరణ ఎలాగూ వేస్తారు కాబట్టి దాని పక్కన ఒక బొమ్మ కూడా వేస్తే బాగుంటుంది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యలో వచ్చే మేరు ప్రస్తారం మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది, పాస్కల్ త్రిభుజం అని లెక్కల పుస్తకాల్లో చదివేదే. అంచుల్లో ఒకట్లు, లోపల ప్రతి గడిలో పైనున్న రెండు గడుల మొత్తం. అందులో బేసి సంఖ్య ఉన్న గడికి నలుపు వేసి, సరి సంఖ్య ఉన్నదాన్ని తెల్లగా వదిలెయ్యండి. నలుపును ఒకటిగా తెలుపును సున్నాగా తీసుకుని ఒక్కో వరసను బైనరీలో చదివితే 1, 3, 5, 15, 17, 51, 85 అని వస్తాయి. మొదటి వరసలోని ఒకటిని పక్కన పెడితే రెండో వరస నుంచి 32వ వరస దాకా వచ్చే 31 సంఖ్యలే పైన చెప్పిన, గీయడానికి వీలైన బేసి భుజాల సంఖ్యలు, తెలిసినవన్నీ అవే, ఒక్కటీ తప్పిపోదు. 33వ వరసలో రెండు అంచులే నల్లగా ఉండి మధ్యంతా తెలుపు, అది ఫెర్మాను బోల్తా కొట్టించిన 4294967297. అలా దిగుతూ పోతే 64వ వరస మొత్తం నలుపే, తెల్ల గడి ఒక్కటీ ఉండదు. ఆ వరసే 1,84,46,74,40,73,70,95,51,615.

బొమ్మకు సగం పేజీ చాలు, రంగులు కూడా అక్కర్లేదు. గడులు లెక్కపెట్టి వేసేవాళ్లు మీ దగ్గర లేకపోతే చెప్పండి, గీసి పంపుతాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు